హేలీ క్రీక్ మైదానంలో జానెడు ఎత్తు

నేను గడ్డి పెంచి బతికాను. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళకి భోజనాలకి వెళ్ళినప్పుడు "మీరేం చేస్తుంటారండీ?" అని ఎవరైనా అడిగితే, "ఫుట్‌బాల్ మైదానానికి గడ్డి పెంచుతానండీ" అని చెప్పేవాణ్ణి. అవతలాయన నేను హాస్యమాడుతున్నాననుకుని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. తర్వాత ఆయన పెరుగు వడ్డించుకునే వంకతో ఏ డాక్టరు గారి పక్కకో జరిగిపోయేవాడు.

ఈ రాత రాయించింది మధురిమ. మిచిగన్ రాష్ట్రం ట్రాయ్ ఊళ్ళో కార్ల కంపెనీ ఇంజనీరు ప్రసాద్ కూతురు. ఆ పిల్ల పట్టుబట్టి మైదానాల పెంపకం చదివింది. ఇప్పుడు హేలీ క్రీక్ ఊరి స్కూలు మైదానాలన్నీ ఆమె చేతికే వచ్చాయి.

"అంకుల్, మీరు ఫోన్‌లో చెప్పే స్టోరీస్ అన్నీ రాయండి. కానీ తెలుగులో రాయాలి" అంది మొన్న చలికాలంలో.

"నువ్వు తెలుగు చదవలేవు కదమ్మా?"

"నా కోసం కాదు అంకుల్. డాడీ చదవాలి. డాడీ ఇంకా అనుకుంటాడు, నేను జస్ట్ లాన్‌లో గడ్డి కట్ చేస్తా అని."

కాబట్టి ఇది ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం, వాళ్ళకంటే ఎక్కువగా వాళ్ళ నాన్నల కోసం. నా పదవులూ ప్రమోషన్లూ ఇందులో ఉండవు. ఉన్నవే తక్కువ.

ఆ ఊరికి జట్టు ఎలా వచ్చింది

హేలీ క్రీక్ మిచిగన్ ఉత్తరాన చెర్రీ తోటల మధ్య ఉన్న చిన్న ఊరు. ఒక వీధి, ఒక చర్చి, ఒక మంగలి షాపు, చెర్రీలు డబ్బాల్లో నింపే ఒక ఫ్యాక్టరీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పోలండ్ నుంచీ ఉక్రెయిన్ నుంచీ వచ్చినవాళ్ళు ఆ ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. ఆదివారం చర్చి అవగానే పాత పిండిమిల్లు వెనక ఖాళీ స్థలంలో బంతి ఆడేవారు. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని అమెరికాలో సాకర్ అంటారు. ఆ ఊళ్ళో మాత్రం ఎవరైనా సాకర్ అంటే ముసలాళ్ళు మొహం చిట్లించేవారు.

డెబ్బైల చివర అమెరికాకి ఒక్కసారిగా ఈ ఆట పిచ్చి పట్టింది. మా చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఒక చిన్న ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. ఆడబోయే నగరాల్లో ఒకటి ఆఖరి నిమిషంలో చేతులెత్తేసింది. ఫ్యాక్టరీ యజమానురాలు హెలెన్ ఆ సంగతి విని లీగ్ వాళ్ళకి ఫోన్ చేసింది. మా దగ్గర ఆటగాళ్ళున్నారు, మైదానముంది, చూసే జనముంది, ఇంకేం కావాలి అని అడిగింది. అలా ఊరికి జట్టొచ్చింది. ఆటగాళ్ళలో సగం మంది పగలు ఫ్యాక్టరీలో చెర్రీ పెట్టెలు మోసేవారు, శనివారం వచ్చేసరికి ప్రొఫెషనల్ ఆటగాళ్ళయ్యేవారు. పెద్ద పెద్ద నగరాల పేర్ల మధ్య హేలీ క్రీక్ అని అచ్చయిన పోటీల పట్టికని మంగలి తన అద్దం మీద అంటించుకున్నాడు. గడ్డం గీయించుకునేవాళ్ళకి మొహం సగమే కనపడేది. అయినా ఎవరూ తీయమనలేదు.

నేను బాపట్లలో వ్యవసాయం చదివి, మిచిగన్‌లో మట్టి మీద పిహెచ్‌డి చేసి, ఉద్యోగం దొరక్క కూర్చున్నాను. మైదానం చూసి సలహా చెప్పడానికి ఎవరినైనా పంపమని హెలెన్ అడిగితే, మా ప్రొఫెసరు నన్ను రెండు రోజులకని పంపాడు. రెండో రోజు సాయంత్రం హెలెన్, "మా ఎల్మర్‌కి వయసైపోతోంది. నువ్వు ఉండిపోరాదూ?" అంది. ఇంకో మంచి ఉద్యోగం దొరికేదాకా అని ఒప్పుకున్నాను. మా ఆవిడ సరోజకి ఫ్యాక్టరీలో లేబుళ్ళ గదిలో పని దొరికింది. ఆ ఇంకో మంచి ఉద్యోగం దొరకలేదు, తర్వాత తర్వాత నేను వెతకనూ లేదు.

ఎల్మర్

ఎల్మర్ చెర్రీ రైతు. తోట కొడుకులకి అప్పగించి, మైదానం పనికి వచ్చాడు. పొడుగ్గా, ఎప్పుడూ అదే భుజాల మీద పట్టీలుండే ప్యాంటుతో ఉండేవాడు. మాట్లాడింది ఇంగ్లీషే అయినా నా చెవికి మా రేపల్లె వైపు రైతు మాటలాగే వినపడేది. అందుకని అలాగే రాస్తున్నాను.

మొదటి రోజు నన్ను మైదానం అంచుకి తీసుకెళ్ళి, "బోర్లా పడుకో" అన్నాడు.

"ఎందుకండీ?"

"పడుకోవయ్యా. గడ్డాన్ని నేలకి ఆనించు."

కొత్త ప్యాంటుతో పడుకున్నాను. ఆయన నింపాదిగా నడుచుకుంటూ మైదానం అవతలి గీత మీదకి వెళ్ళి నిలబడ్డాడు.

"నా బూట్లు కనపడుతున్నాయా?" అని కేకేశాడు.

"లేదు!"

"మరి ఎక్కణ్ణించి కనపడుతున్నాను?"

"పిక్కల మీద నించి!"

"అయితే నేల బానే ఉంది. లే."

ఆ మైదానం నడుమ జానెడు ఎత్తుండి, రెండు పక్కలకీ కంటికి ఆననంత వాలుగా దిగేది. అందుకే అవతలి మనిషి బూట్లు కనపడవు. ప్రతి వసంతంలో మంచు కరగ్గానే ఎల్మర్ ఇలా పడుకుని చూసుకునేవాడు. ఎందుకో ఆయన చెప్పలేదు. నేను మళ్ళీ అడగలేదు. గదికొచ్చి నా నోటు పుస్తకంలో "నడుమ ఎత్తుగా ఉంది, సరిచేయాలి" అని రాసుకున్నాను. ఆ రోజు ఇంకొక్కసారి ఎందుకు అని అడిగి ఉంటే నాకు చాలా తలనొప్పి తప్పేది.

పరంబు

మాది వరి పండించే డెల్టా. అక్కడ రైతు గొప్పతనమంతా మడి చదునులోనే ఉంటుంది. నీళ్ళు పెట్టి బురదగా దున్ని దమ్ము చేశాక, ఎడ్లకి ఒక బరువైన పలక కట్టి లాగించి మడిని చదును చేస్తాం. ఆ పలకని పరంబు అంటాం. మా నాన్న మడిలో కాలు పెట్టి, నీళ్ళు చీలమండకి ఎక్కడ తగులుతున్నాయో చూసి, ఏ మూల వేలెడు ఎత్తుందో చెప్పేవాడు. నీళ్ళు మడి అంతా ఒకే లోతున నిలబడితే ఆయన మొహంలో వెలుగొచ్చేది. నా పిహెచ్‌డి కూడా వరి నేలల్లో నీటిని నిలబెట్టడం గురించే. నీళ్ళు నిలబెట్టడం చదివినవాడికి నీళ్ళు పంపించేయడం కూడా తెలిసే ఉంటుందని అందరూ అనుకున్నారు. నేనైతే గట్టిగా అనుకున్నాను.

మొదటి సీజన్ అయిపోయాక, ఆ శరదృతువులో ఎల్మర్ హెర్నియా ఆపరేషన్ చేయించుకుని, కోలుకోవడానికి కూతురింటికి వెళ్ళాడు. మైదానం నా చేతిలో పడింది. రెండు ఓక్ పలకలు కలిపి బిగించి పరంబు తయారుచేసి, ఎడ్లకి బదులు ట్రాక్టరుకి కట్టాను. గడ్డి పొర చెక్కి, నడుమ ఎత్తంతా లాగి పక్కలకి సర్దాను. పది రోజులు ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాను. మధ్యమధ్య సరోజని తీసుకొచ్చి చూపించేవాణ్ణి.

"మన మడిలా ఉందండీ" అంది.

నిజంగా అలాగే ఉంది. మీసం మెలేశాను.

మట్టి పరీక్ష చేయకుండా చేశాననుకోకండి. చేశాను. కానీ ఆడే చోట గుంటలు పడతాయని మట్టి నమూనాలు నాలుగు మూలల నుంచే తీశాను. మూలల్లో ఇసుక. నీళ్ళు ఇట్టే ఇంకిపోతాయని ధైర్యంగా ఉన్నాను. నడుమ భాగంలో పూర్వం మిల్లువాళ్ళు పోసిన బంకమట్టి ఉందని నాకు తెలియదు. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. గుంట పడుతుందని భయపడి మంచి చోట తవ్వకుండా వదిలితే, ఆ చోటు గురించి మీకేమీ తెలియనట్టే.

కోచ్ తడెక్ పోలండ్‌వాడు. చదునైన నేల చూసి నన్ను కౌగిలించుకున్నాడు. బంతి గీసిన గీత మీద వెళ్ళినట్టు దొర్లుతోందన్నాడు. తర్వాత కొత్త గడ్డి మొలిచింది, దాని మీద మంచు పడింది, చలికాలమంతా నేను హాయిగా నిద్రపోయాను.

వసంతంలో ఎల్మర్ తిరిగొచ్చి, ఈసారి నన్ను అవతలి గీత మీద నిలబెట్టి తాను పడుకున్నాడు. చాలాసేపు లేవలేదు.

"రావ్" అన్నాడు చివరికి. "నీ బూట్లు కనపడుతున్నాయి."

"అవునండీ! చదును చేశాను!"

"లేసులు కూడా కనపడుతున్నాయి."

లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. ఒక్క మాట తిట్టలేదు. సీజన్ మొదలవబోతోందనీ, ఇప్పుడు మట్టి కదిపితే గడ్డి పట్టదనీ, వానలు తక్కువ పడాలని కోరుకోమనీ చెప్పి, గడ్డి కోసే యంత్రం దగ్గరకి వెళ్ళిపోయాడు.

బాతులు

మొదటి పోటీ ఎండలో జరిగింది, మేమే గెలిచాం. రెండో పోటీకి ముందు రెండు రోజులు ఆగకుండా వాన కురిసింది. నా చదును ఎంత గొప్పదంటే, నీళ్ళు ఒక్క మూలకీ పారలేదు. మైదానం నడుమంతా ఒకే లోతున, చీలమండ దాకా నిలబడ్డాయి. మా నాన్న చూస్తే ఎంతో సంతోషించేవాడు.

అయినా ఆట మొదలుపెట్టారు. తన్నిన బంతి నాలుగడుగులు వెళ్ళి తేలుతూ ఆగిపోయేది. దాని చుట్టూ ఆటగాళ్ళు నీళ్ళు చిమ్ముకుంటూ మూగేవారు. విరామంలో వాగు వైపు నుంచి రెండు బాతులు వచ్చి సరిగ్గా నడుమ గుండ్రం గీతలో దిగాయి. రిఫరీ ఈల ఊదాడు. అవి తల కూడా తిప్పలేదు. పరిగెత్తుకెళ్ళి తరిమితే రెండు గజాలు జరిగి మళ్ళీ తేలాయి. జనం పగలబడి నవ్వుతున్నారు. రిఫరీ తడిసిన మేజోళ్ళు పిండుకుని ఆట రద్దు చేశాడు. ఆ రోజు లీగ్ ఆఫీసు నుంచి వచ్చిన తనిఖీ అధికారి గొడుగు కింద కూర్చుని అంతా రాసుకున్నాడు. అతను మాత్రం నవ్వలేదు.

నాలుగు రోజుల్లో ఉత్తరం వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ హెలెన్ దాన్ని ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చదివి వినిపించింది. ఆటగాళ్ళూ, పనివాళ్ళూ, మేమూ అందరం ఉన్నాం. మూడు వారాల తర్వాత ఇక్కడ జరిగే పోటీ కూడా నీళ్ళ వల్ల ఆగిపోతే, ఇకపై హేలీ క్రీక్ జట్టు తన పోటీలన్నీ రెండు గంటల దూరంలో ఉన్న నగరం స్టేడియంలో ఆడాలి. అదీ ఉత్తరం సారాంశం.

పోలిష్ ముసలావిడ ఒకామె అడిగింది, "మరి మన జట్టు తిరిగి ఎప్పుడొస్తుంది?"

"పట్నం వెళ్ళిన జట్టు తిరిగి రావడం నేనెక్కడా చూడలేదు" అంది హెలెన్.

ఆ ఊరికి సినిమా హాలు లేదు, పెద్ద బజారు లేదు. ఉన్నదల్లా ఆ జట్టే. వెనక నుంచి ఎవరో, "ఇన్నేళ్ళలో ఎప్పుడూ నిలవని నీళ్ళు ఇప్పుడెందుకు నిలిచాయి? నేలని ఏం చేశారు?" అని అడిగారు.

ఎల్మర్ లేచి నిలబడ్డాడు. "ఆ నేల చూసేది నేను. తప్పు నాది" అని కూర్చున్నాడు.

నేను నా కాఫీ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను సిగ్గుపడేది మైదానాన్ని మడి చేసినందుకు కాదు, ఆ కప్పు వైపు చూసినందుకు.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ సరోజ అడిగింది. "ఏమండీ, ఆయన ఆస్పత్రిలో ఉంటే మడి చేసింది మీరు. ఆ పెద్దాయన లేచి నిలబడితే మీరు కప్పులో ఏం వెతుక్కుంటున్నారు?"

"అందరి ముందూ..." అని నసిగాను.

"ఆయన చెప్పిందీ అందరి ముందే" అంది. కూర వడ్డించడం మర్చిపోయింది. నేనూ అడగలేదు.

హెలెన్ కిటికీ

మర్నాడు పొద్దున్నే హెలెన్ ఆఫీసుకి వెళ్ళి, తప్పు ఎల్మర్‌ది కాదనీ, నడుమ ఎత్తు తీసేసింది నేనేననీ చెప్పాను.

"తెలుసు" అంది.

"తెలుసా?"

ఆమె తన కిటికీ చూపించింది. అందులోంచి మైదానమంతా కనపడుతోంది. "నువ్వు పలకలు లాక్కుంటూ తిరగడం పది రోజులు చూశాను. పిల్లాడు బాగా కష్టపడుతున్నాడే అనుకున్నాను. ఏం చేస్తున్నావని అడగలేదు. కాబట్టి ఇందులో నాకూ వాటా ఉంది."

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు మీరు?"

"నువ్వు చెప్తావేమో చూద్దామని. ఒక రోజు ఆలస్యం చేశావు. పర్లేదు. ఇప్పుడు ఈ మాట క్యాంటీన్‌లో చెప్పు, తర్వాత ఏం చేయాలో ఆలోచించు."

అలాగే మధ్యాహ్నం క్యాంటీన్‌లో చెప్పాను. ఎవరూ తిట్టలేదు. వెనక నుంచి ఒకతను బాతులా అరిచాడు. అందరూ నవ్వారు. ఆ అరుపు తర్వాత నాలుగేళ్ళు నా వెంట తిరిగింది. నా జీవితంలో చాలామంది బాసులు దొరికారు. వాళ్ళలో తెలివైనవాళ్ళున్నారు, చండశాసనులున్నారు. తప్పులో తన వాటా ఎంతో ముందు చెప్పి, తర్వాత పని గురించి అడిగిన బాస్ హెలెన్ ఒక్కతే.

అక్కణ్ణించి ఎల్మర్ దగ్గరకి వెళ్ళాను. షెడ్డులో కూర్చుని యంత్రం బ్లేడ్లు సానబెడుతున్నాడు. "నా తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారండీ?" అన్నాను.

"బోర్లా పడుకోమన్నాను గానీ ఎందుకో చెప్పలేదు కదా. తోటలో మా నాన్న నన్నూ ఇలాగే పడుకోబెట్టి ఎందుకో చెప్పలేదు, నేనే తెలుసుకున్నాను. నీకైనా చెప్పాల్సింది. ఎత్తు లేకపోతే నీళ్ళు పోవు. ఇంతే. ఈ ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?" అని బ్లేడు పక్కన పెట్టాడు. "సరే గానీ, మీ ఊళ్ళో చేలోకి నీళ్ళు ఎక్కువొస్తే ఏం చేస్తారు?"

"గట్టుకి గండి కొట్టి, బోదెలు తీసి, కాలవలోకి వదిలేస్తాం."

"మరి కూర్చున్నావేం? తియ్యి."

చెర్రీ గింజలు

బోదె అంటే చేలో నీరు పారడానికి తీసే సన్నని కాలవ. గడ్డి పొరని చాపలా చుట్టి పక్కన పెట్టి, మైదానం నడుమ నుంచి రెండు అంచులకీ బోదెలు తీయాలి. నడుమ లోతు తక్కువ, అంచుకి వెళ్ళేకొద్దీ ఎక్కువ. అంచుల నుంచి ఒక గొట్టం గుండా వాగులోకి. కానీ ఆటస్థలంలో తెరిచిన కాలవ ఉంచలేం కదా. నీళ్ళు దిగేలా ఏదో ఒకటి నింపి, పైన ఇసుక పోసి, గడ్డి పరవాలి. కంకర తెప్పిద్దామంటే మూడు వారాల్లో వచ్చే దారి లేదు.

"మా ఇంటి దారి మీద ఏం పోశానో చూశావా?" అన్నాడు ఎల్మర్.

చూశాను. చెర్రీ గింజలు. ఫ్యాక్టరీ వెనక అవి కొండంత కుప్ప ఉండేవి. రాయిలా గట్టివి, గుండ్రటివి, ఎంత నొక్కినా మధ్యలో సందు ఉంటుంది. నా పిహెచ్‌డిలో ఎక్కడా లేని సంగతి.

జూన్ నెల. అక్కడ రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురుంటుంది. ఫ్యాక్టరీ పని అవగానే ఊరంతా పారలు పట్టుకుని వచ్చేది. ఆటగాళ్ళు గింజల బస్తాలు మోశారు. తడెక్ తవ్వుతూ పోలిష్‌లో ఏదో గొణిగేవాడు, అది నా గురించేనని అందరి నవ్వులూ చెప్పేవి. హెలెన్ కూడా బూట్లేసుకుని వచ్చి గడ్డి చుట్టలు చుట్టింది. నేను ప్రతి బోదె మొదట్లో బక్కెట్‌తో నీళ్ళు పోసి, మా నాన్నలా కూర్చుని పారుదల చూసేవాణ్ణి. మూడో బోదెలో నీళ్ళు తిరిగి నా కాళ్ళ మీదకే వచ్చాయి. మళ్ళీ తవ్వాం. ఈసారి బాతు అరుపు ఎల్మర్ అరిచాడు.

సరోజ రోజూ ఉల్లిపాయ పకోడీలు వేసుకుని పెద్ద గిన్నెతో వచ్చేది. మొదటి రోజు ఎవరూ ముట్టుకోలేదు. రెండో రోజు గోల్‌కీపరు ఒకటి నోట్లో వేసుకుని, గిన్నె మొత్తం ఒడిలో పెట్టుకున్నాడు. మూడో రోజు నుంచి రెండు గిన్నెలు తెచ్చింది. ఎన్నో నెలలుగా ఆ ఊళ్ళో ఉంటున్నా, నాకు అది నా ఊరు అనిపించింది ఆ వారంలోనే.

పోటీకి మూడు రోజుల ముందు ఆఖరి గడ్డి చుట్ట పరిచాం. ఎండలు కాస్తున్నాయి. నీళ్ళు పోస్తే ఇంకుతున్నాయి గానీ, అసలైన వాన వస్తే తట్టుకుంటుందో లేదో ఎవరికీ తెలియదు. ఊరంతా వాన రాకూడదని ప్రార్థించింది. శుక్రవారం మొదలైంది వాన.

వాగు ఒడ్డున

శనివారం పొద్దున మైదానం మీద నీళ్ళు మెరుస్తూనే ఉన్నాయి. పోటీ మధ్యాహ్నం. తనిఖీ అధికారి అదే గొడుగుతో దిగాడు. నడుమకి వెళ్ళి మడమతో నొక్కాడు. నీళ్ళు చిమ్మాయి. గడియారం చూసుకున్నాడు.

"గంట ఆగుతాను" అన్నాడు.

నేను ఎల్మర్ వైపు చూశాను. ఎల్మర్ అక్కడ లేడు. వాగు ఒడ్డున గొట్టం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. గొట్టంలోంచి బొట్టు రావడం లేదు. చూస్తుండగానే ఒక బుడగ, ఒక చెర్రీ గింజ, ఆ వెనక సన్నటి ధార. తర్వాత ఒక్కసారిగా గొట్టం నిండుగా, పులిసిన చెర్రీ వాసనతో, గోధుమరంగు నీళ్ళు దూకాయి. గింజల్లోకి నీరు చేరడానికి ఆ మాత్రం సమయం పట్టిందంతే. ఎల్మర్ టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు.

"రండి! పారుతోంది!" అని అరిచాను. తెలుగులో అరిచానని తర్వాత సరోజ చెప్పింది. అయినా జనమంతా వచ్చేశారు. గంట తర్వాత అధికారి మళ్ళీ మడమతో నొక్కాడు. గడ్డి తడిగా ఉంది, నీళ్ళు చిమ్మలేదు. "ఆడుకోండి" అని కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆట మొదలైంది. వాన పడుతూనే ఉంది. సగం మంది జనం ఆటకి వీపు పెట్టి గొట్టం వైపే చూస్తున్నారు. రెండో భాగంలో ఆ రెండు బాతులు వచ్చి మైదానం మీద ఒక చుట్టు తిరిగి, దిగే చోటు దొరక్క వాగులోకి వెళ్ళిపోయాయి. అప్పుడు లేచినన్ని చప్పట్లు మా జట్టు కొట్టిన ఏ గోల్‌కీ నేను వినలేదు. మేం మూడు గోల్స్ తిని ఓడిపోయాం. సాయంత్రం చర్చిలో గంటలు కొట్టారు. ఓడినందుకు గంటలు కొట్టిన ఊరు అదొక్కటే అయ్యుంటుంది.

ఆ తర్వాత

రెండు శరదృతువులు కష్టపడి, తాళ్ళు కట్టి కొలుచుకుంటూ, ఆ జానెడు ఎత్తు తిరిగి తెచ్చాం. ఆ పోటీ జరిగిన మరుసటి వసంతంలోనే మైదానం మీద బోదెల వరసలో చెర్రీ మొక్కలు మొలిచాయి. ఒకదాని వెనక ఒకటి, క్రమశిక్షణగా. నేనూ ఎల్మర్ వారం రోజులు పీకాం.

కోచ్‌ల గురించి ఒక మాట. వాళ్ళు ఆట గురించి చెప్తే వినండి, గడ్డి గురించి చెప్తే తల ఊపండి. వేగంగా పరిగెత్తే జట్టు వస్తోందని తడెక్ ఒకసారి గడ్డిని పొడుగ్గా ఉంచమన్నాడు. ఉంచాను. అందులో తట్టుకుని పడ్డవాళ్ళు ముగ్గురూ మా జట్టువాళ్ళే.

జట్టు ఇంకొన్నేళ్ళు ఆడింది. ఒకసారి ఫైనల్ దాకా వెళ్ళి ఓడింది. ఎనభైల మధ్యలో దేశానికి ఆట పిచ్చి తగ్గి, లీగే మూతపడింది. అది మా చేతిలో లేదు. కానీ ఆఖరి పోటీ మా మైదానంలోనే, మా జనం ముందే జరిగింది. ఆ మర్నాడు హెలెన్ మైదానాన్ని ఊరి స్కూలుకి ఇచ్చేసింది. ఎనభైలు ముగిసేలోగా ఎల్మర్ పోయాడు. నేనూ సరోజా చాలా ఏడ్చాం. తర్వాత నేను పార్కుల్లో, గోల్ఫ్ మైదానాల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇంతకంటే పెద్ద జీతాలు చూశాను గానీ, ఇంతకంటే మంచి పని చూడలేదు.

పోయిన నెల

మధురిమ ఫోన్ చేసింది. "అంకుల్, స్కూల్ బోర్డ్ వాళ్ళు మీ ఓల్డ్ గ్రౌండ్, ఆ మిల్ ఫీల్డ్‌ని లేజర్‌తో ఫ్లాట్ చేయాలి అంటున్నారు. మధ్యలో హంప్ ఉంది, అది డిఫెక్ట్ అని. నేను రిపోర్ట్ ఇవ్వాలి. మీరు వస్తారా?"

వస్తానన్నాను. మధు ఇంటికొచ్చిన వారాంతంలో ప్రసాద్ కారులో ముగ్గురం బయల్దేరాం. ప్రసాద్‌ది వరంగల్. దారి పొడుగునా నన్ను ఒకటే ప్రశ్న. "ఏంది సార్, గడ్డి కోసుడుకు గింత చదువెందుకు? మా ఆఫీసుల లాన్ చూసేటాయన ఏం చదివిండు?" వెనక సీట్లో మధు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ ప్రశ్న ఆ పిల్ల ఎన్నిసార్లు విని ఉంటుందో.

మైదానంలో ఇద్దరు స్కూలు పనివాళ్ళు కలిశారు. మంచు కరగ్గానే ప్రతి వసంతంలో బోర్లా పడుకుని అవతలి మనిషి బూట్లు చూస్తారట. ముందున్నవాళ్ళు అలా చేసేవారని వీళ్ళూ చేస్తున్నారు. ఎందుకని అడిగితే మొహమొహాలు చూసుకున్నారు. ఎల్మర్‌కి వాళ్ళ నాన్న చెప్పలేదు, నాకు ఎల్మర్ చెప్పలేదు, చూస్తే నేనూ వీళ్ళకి చెప్పకుండానే వెళ్ళిపోయానన్నమాట. అంత జరిగినా నాకు బుద్ధి రాలేదు.

"ప్రసాద్ గారూ, ఇలా వచ్చి బోర్లా పడుకోండి" అన్నాను.

"ఏంది?"

"పడుకోండి. గడ్డం నేలకి ఆనించండి."

ఇస్త్రీ ప్యాంటు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, పడుకున్నాడు. మధు పరిగెత్తుకెళ్ళి అవతలి గీత మీద నిలబడింది.

"డాడీ! నా షూస్ కనిపిస్తున్నాయా?"

"లేవు బిడ్డా!"

"ఎక్కడ నుంచి కనిపిస్తున్నాను?"

"పిక్కల మీదికెళ్ళి!" అన్నాడు. ఇంజనీరు కదా, ఒక కన్ను మూసి, వేళ్ళతో ఏదో లెక్క కట్టుకున్నాడు. "నడుమ తొమ్మిది అంగుళాలు ఉంటది సార్. రెండు దిక్కులా ఒక్క తీరు వాలు. ఎందుకిట్ల?"

ఎందుకో చెప్పాను. ఎల్మర్, పరంబు, బాతులు, గొట్టం, అంతా. ఆయన లేవకుండానే విన్నాడు. ఆయన తెల్ల చొక్కా మోచేతుల దగ్గర పచ్చబడింది.

"ఇంత పనా ఇది" అని గొణిగాడు. తర్వాత గడ్డి మీద నుంచి తలెత్తి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, మైదానం అవతల ఉన్న కూతురికి వినపడేలా కేకేశాడు.

"మధూ! దీన్ని ఎవ్వల్నీ ముట్టనియ్యకు! ఎందుకో గూడ రాసిపెట్టు!"